లేని పరికరాల జాబితా

ఆదివారం పొద్దున నాలుగో మంచం మీది మనిషికి ప్రాణవాయువు తగ్గిపోతుంటే, ఐసీయూ బల్ల మీది కంప్యూటరు మూడో మంచం పేరుతో గంట కొట్టింది. నర్సులిద్దరూ మూడో మంచం దగ్గరికి పరిగెత్తారు. అక్కడ ముసలాయన హాయిగా గురక పెడుతున్నాడు. పెద్దసిస్టర్ ఒక్కతే తెరని వదిలేసి మనుషుల పెదాలకేసి చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ నాలుగో మంచం మనిషి ఇవాళ దిండుకి చేరగిలబడి పేపరు తిరగేస్తూ ఉండేవాడు కాదు.

అప్పట్నుంచి ఆసుపత్రిలో ఎవరూ తెరల్ని నమ్మడం లేదు. మంచానికొక మనిషి, మనిషికొక కాగితం. పరికరాలు అమ్మిన కంపెనీ వాళ్ళు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ "తీసేశామండీ, ఇక బెంగ లేదు" అని చెప్పి వెళ్ళారు. రెండుసార్లూ మర్నాటికల్లా కథ మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి గురువారం పొద్దున ఎనిమిదింటికి పెద్ద డాక్టరుగారు అందర్నీ తన గదిలో కూర్చోబెట్టారు.

కంపెనీ మేనేజరు మెడలో టై సర్దుకుంటూ మొదలుపెట్టాడు.

"ఒకటే మార్గం డాక్టరుగారూ. అరవై నాలుగు కంప్యూటర్లనీ శుభ్రంగా తుడిచేసి మొదట్నుంచీ కొత్తగా పెట్టుకుని రావాలి. నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా ఐసీయూ ఖాళీ చేసి పేషెంట్లని వేరే ఆసుపత్రికి పంపించెయ్యండి. మధ్యాహ్నం రెండింటికి అంబులెన్సులు వస్తాయి, నేనే మాట్లాడి పెట్టాను."

పెద్దసిస్టర్ ఉండబట్టలేకపోయింది. "ఐదో మంచం ఆయనకి ఊపిరితిత్తుల ఆపరేషనై మూడ్రోజులే అయింది సార్. ఊపిరి గొట్టం మీద ఉన్నాడు. ఆయన్ని ఇప్పుడు కదిపితే..." అంటూ పెద్ద డాక్టరుగారికేసి చూసింది.

"కాలి వేలికి దెబ్బ తగిలిందని కాలు తీసేస్తామంటున్నారు సార్."

ఆ మాట గది మూల నుంచి వచ్చింది. అన్నది తీగలమ్మ.

ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో ఇంజనీరు ఆమె. ఎప్పుడు చూసినా భుజాన ఒక తీగల చుట్ట వేలాడుతుంటుంది. ఊడ్చేవాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు కాస్తా పెద్ద డాక్టరుగారి దాకా పాకి స్థిరపడిపోయింది. ఆమె పెద్దసిస్టర్‌కి స్వయానా ఆడపడుచు. ఆమె అన్న, అంటే పెద్దసిస్టర్ భర్త, ఇదే ఆసుపత్రి నేలమాళిగలో పరికరాల మరమ్మతు విభాగం చూసుకుంటాడు. ఒకే ఇంటి నుంచి ముగ్గురూ ఒకే బస్సెక్కి ఒకే గేటు దగ్గర దిగుతారు. కానీ పదేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నా, ఆ అమ్మాయి ఆసుపత్రిలో చేసే పనేమిటో పెద్దసిస్టర్ ఏనాడూ అడిగి తెలుసుకోలేదు. కుర్చీలో కూర్చుని టకటకలాడించడం కూడా ఒక పనేనా, రోజంతా కాళ్ళ మీద నిలబడేవాళ్ళు ఏమనుకోవాలి అని ఆమె లోపలి మాట.

"వేలు ఎక్కడుందో నువ్వు కనిపెట్టావా అమ్మా?" అని పెద్ద డాక్టరుగారు అడిగారు. వెటకారం లేదు, ఆశ ఉంది.

తీగలమ్మ లేచి నిలబడింది.

"కనిపెట్టాను సార్. మంచం దగ్గరుండే మానిటరు నుంచి బల్ల మీది కంప్యూటరుకి ఒక కేబుల్ వస్తుంది కదా. తగిలించగానే కంప్యూటరు దానికో నంబరిస్తుంది. ఆ నంబరు చూసే మన ప్రోగ్రాం ఇది నాలుగో మంచం, ఇది మూడో మంచం అని రాస్తుంది. కేబుల్‌కీ కంప్యూటరుకీ మధ్య డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఒకరి మాట ఇంకొకరికి చెప్పే దుబాసీ అనుకోండి. పాత డ్రైవరు ప్రతి కేబుల్ మీదా ఉండే సొంత గుర్తు చదివేది. ఏ సాకెట్లో పెట్టినా 'ఇది నాలుగో మంచానిదే' అని పట్టేసేది. ఈ మధ్య ఎలాగో కొత్త డ్రైవరు లోపల దూరింది. దానికి కేబుల్ గుర్తు చదవడం రాదు. సాకెట్‌ని చూసి నంబరిస్తుంది. శనివారం శుభ్రం చేసేటప్పుడు కేబుళ్ళు ఊడదీసి మళ్ళీ పెట్టారు. నాలుగుది మూడులోకి, మూడుది నాలుగులోకి పోయాయి."

"అంతేనా?" అన్నారు పెద్ద డాక్టరుగారు నమ్మలేనట్టు.

"అంతే సార్. ఇంకో సంగతుంది. కేబుల్ ఒక సాకెట్లోంచి ఇంకో దాంట్లోకి మారినప్పుడల్లా కంప్యూటరు ఎవరో కొత్త చుట్టం వచ్చాడనుకుని కొత్త పేరు రాసుకుంటుంది. పాత పేరు కొట్టెయ్యదు. ఆ పరికరం అక్కడ ఉండదు, దాని నంబరు మాత్రం దాని పేరు మీదే అట్టే పెట్టి ఉంటుంది. ఒక్కో కంప్యూటర్లో అలాంటి లేని పరికరాలు నలభై, యాభై ఉన్నాయి. వాటిని వెళ్ళగొడితే తప్ప అసలు కేబుళ్ళకి వాటి నంబర్లు తిరిగి దక్కవు."

మేనేజరు చెయ్యెత్తాడు. "మా వాళ్ళు ఆ పనే చేశారమ్మా. రెండుసార్లు తీసేశారు. మళ్ళీ వచ్చింది."

"మీవాళ్ళు పరికరాన్ని తీశారు సార్, డ్రైవర్ని తియ్యలేదు. కంప్యూటరు లోపల డ్రైవర్లని దాచుకునే గోదాం ఒకటుంటుంది. కొత్త డ్రైవరు మూట అక్కడే ఉంది. మర్నాడు కంప్యూటరు వెయ్యగానే కేబుల్ కనపడింది, గోదాంలో మూట కనపడింది, తీసి మళ్ళీ తగిలించేసుకుంది. ముందు పరికరాలు తియ్యాలి, తర్వాత గోదాంలో మూట తియ్యాలి. ఆ వరసలోనే."

మేనేజరు మళ్ళీ టై సర్దుకున్నాడు. పక్కనున్న తన మనిషికేసి ఒక చూపు చూశాడు. ఆ మనిషి బూట్ల తాళ్ళు పరిశీలించడంలో మునిగిపోయాడు.

"సరే, అరవై నాలుగు కంప్యూటర్లు, ఒక్కోదాంట్లో యాభై. చేత్తో ఎప్పటికి తీస్తావు?" అన్నాడు మేనేజరు.

"చేత్తో తియ్యను సార్. ప్రోగ్రాం రాశాను. చేత్తో రెండు గంటలు పట్టేది దానికి రెండు నిమిషాలు."

"అది తియ్యకూడనిది తీసేస్తే? నెట్‌వర్క్ కార్డు తీసేసిందనుకో, ఆ కంప్యూటరు మళ్ళీ నీ మాట వినదు. కీబోర్డు తీసేస్తే ఎవరి మాటా వినదు!"

తీగలమ్మ మొహంలో కోపం రాలేదు. పైపెచ్చు మెచ్చుకోలుగా తలాడించింది. "మంచి ప్రశ్న సార్. నేను మొదట భయపడింది దానికే. అందుకే దానికి కొన్ని కట్టుబాట్లు పెట్టాను. నెట్‌వర్కు, డిస్కు, కీబోర్డు జోలికి పోకూడదు. ఇప్పుడు పనిలో ఉన్నదాన్ని ముట్టకూడదు. అన్నిటికంటే ముందు, ఏమేం తియ్యబోతోందో జాబితా చూపించాలి. నేను చదివి ఊఁ అన్నాకే చెయ్యి వెయ్యాలి."

పెద్ద డాక్టరుగారు గోడ గడియారం చూశారు, పెద్దసిస్టర్‌ని చూశారు. "రెండింటి దాకా. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా నా చేతుల్లో లేదమ్మా."

* * *

ఐసీయూ వరండాలోకి వచ్చాక పెద్దసిస్టర్ ఆడపడుచుని ఆపింది. 

"నిజం చెప్పు. అవుతుందా?"

"అవుతుంది వదినా. కానీ ఆ డ్రైవర్ని ఊరికే పక్కన పెడితే లాభం లేదు. ఆనవాలు లేకుండా తీసెయ్యాల్సిందే."

బల్ల మీద కూర్చుని ఉన్న ఒకావిడ చటుక్కున లేచింది. ఐదో మంచం మనిషి భార్య ఆమె. మూడు రోజులుగా ఆ బల్లనే ఇల్లు చేసుకుంది. ఐదో మంచం మనిషి సిటీ బస్సు నడుపుతాడు.

"అమ్మా! మా ఆయన్ని తీసెయ్యడమేమిటమ్మా? నిన్న కళ్ళు తెరిచాడు కదా! నా చెయ్యి పట్టుకున్నాడు కదా! డ్రైవరైతే మాత్రం మనిషి కాదా?"

వదినా ఆడపడుచులిద్దరికీ ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒకేసారి అర్థమైంది. పెద్దసిస్టర్ నవ్వాపుకుంటూ మొహం పక్కకి తిప్పుకుంది. తీగలమ్మ అయితే భుజాన ఉన్న తీగల చుట్ట నేలమీద పడేసి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"అయ్యో అక్కా, మీ ఆయన గురించి కాదు! కంప్యూటర్లో డ్రైవర్ అని ఒక ప్రోగ్రాం ఉంది, దాన్ని. అది పోతేనే మీ ఆయన ఇక్కడ, ఈ మంచం మీదే ఉంటాడు. ఎవరూ కదపరు."

"ఒట్టు?"

"ఒట్టు. దాన్ని వెళ్ళగొట్టే దాకా నేను కూర్చోను అక్కా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, "పేరు మార్చకూడదూ దానికి, నా ప్రాణాలు తీసింది!" అంది. వరండాలో నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఎవరో నవ్వారు.

* * *

తీగలమ్మ నేరుగా ఐసీయూలోకి రాలేదు. ముందు సామాన్ల గదిలో ఒక పాత కంప్యూటరు మీద ప్రోగ్రాం నడిపింది. అందులో కావాలనే కొత్త డ్రైవర్ పెట్టి, కేబుళ్ళు ఇరవైసార్లు ఊడదీసి పెట్టి, ఐసీయూకి పట్టిన రోగమే దానికీ పట్టించింది. ఆ తర్వాత వదిలించింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పెద్దసిస్టర్‌కి ఎక్కడో చూసిన పనిలా అనిపించింది. కొత్తగా చేరిన నర్సులకి తను కూడా మొదటి సూది మనిషికి వెయ్యనివ్వదు. దిండుకి వేయిస్తుంది.

పదిన్నరకి ఐసీయూలో మొదటి కంప్యూటరు ముందు కూర్చుంది తీగలమ్మ. ఒకటి నుంచి నాలుగు దాకా మంచాలు దాని కిందికొస్తాయి. పెద్ద డాక్టరుగారు వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన వెనక మేనేజరు.

తెర మీద జాబితా దిగింది. నలభై ఒక్క వరసలు. పక్కన ఎక్కడా 'తీసేశాను' అని లేదు, 'తియ్యమంటావా' అని ఉంది.

తీగలమ్మ చూపుడువేలు తెరకి ఆనించి ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టింది. గబగబా కిందికి జారిపోవచ్చు. జారలేదు. ఒకటి... ఐదు... పదిహేను... మేనేజరు దగ్గాడు. "అన్నీ ఒకటేగా అమ్మా, ఊఁ కొట్టెయ్."

ఇరవై తొమ్మిదో వరస మీద వేలు ఆగిపోయింది. ఆగి, కదల్లేదు.

"ఏమైంది?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

తీగలమ్మ మొహం చెవుల దాకా ఎర్రబడింది.  "ఇది మానిటరు కేబుల్ కాదు సార్. రెండో మంచం దగ్గర, నరంలోకి మందు ఎక్కించే పంపు కేబుల్. రెండూ ఒకే తయారీ. పంపు ఇప్పుడు ఆపి ఉంది కాబట్టి ఇది కూడా లేని పరికరం అనుకుంది నా ప్రోగ్రాం. నేను ఊఁ అనుంటే దీన్ని కూడా తీసేసేది. సాయంత్రం పంపు వేసినప్పుడు మందు లెక్క ఇంకో మంచం పేరు మీదికి పోయేది. తప్పు నాదే. రాసేటప్పుడు పంపుల సంగతి నాకు తట్టలేదు."

పెద్ద డాక్టరుగారు రెండో మంచం దగ్గరి పంపుకేసి చూశారు. 

మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా డాక్టరుగారూ! నేను చెప్పిందిదే! మొదటి కంప్యూటర్లోనే ఇలా ఉంటే అరవై నాలుగింట్లో ఎన్ని? ఇంకా టైముంది, అంబులెన్సుల్ని ముందే రమ్మంటాను."

పెద్ద డాక్టరుగారు గడ్డం రుద్దుకున్నారు. ఆయన ఏదో ఒకటి అనేలోపే పెద్దసిస్టర్ ముందుకొచ్చింది. ఆమె ఆడపడుచుని వెనకేసుకురావడానికి రాలేదు. ఇంట్లో ఆ అలవాటు ఆమెకి లేదు కూడా. తనకి బాగా తెలిసిన సంగతి ఒకటి కళ్ళెదుట జరిగింది, అది చెప్పకుండా ఉండలేక వచ్చింది.

"సార్, రక్తం ఎక్కించే ముందు సంచీ మీద నంబరు ఇద్దరం పైకి చదువుతాం. ముప్ఫై ఏళ్ళలో రెండుసార్లు తప్పు సంచీ వచ్చింది. రెండుసార్లూ చదివేటప్పుడే దొరికింది. ఆ రోజు మిమ్మల్ని పిలిచి చూపిస్తే మీరేమన్నారు? 'చదివారు, బతికించారు' అన్నారు. ఈ అమ్మాయి చేసింది అదే. ఇంకొకరెవరైనా ఇరవై తొమ్మిదో వరస దాకా చదివేవారా? చదివినా, ఇంతమంది ముందు తప్పు నాది అని ఒప్పుకునేవారా? మొన్న రెండుసార్లు 'బాగైపోయింది' అన్నవాళ్ళు ఒక్క వరసైనా చదివారేమో అడగండి."

మేనేజరు మొహం మాడిపోయింది.  పెద్ద డాక్టరుగారు తీగలమ్మకేసి తిరిగి, "ఎంతసేపు?" అన్నారు.

"ప్రోగ్రాంలో ఒక్క వరస మారుస్తాను సార్. తయారీ చూసి కాకుండా, ఏ డ్రైవర్ చేతిలో ఉందో చూసి తియ్యమంటాను. పంపులింకా పాత డ్రైవర్ చేతిలోనే ఉన్నాయి, వాటి జోలికి పోదు. కానీ మళ్ళీ సామాన్ల గది నుంచి మొదలుపెట్టాలి. ముప్పావుగంట."

"ఒక్క వరసకి మళ్ళీ మొదట్నుంచా?"

"ఒక్క వరసే కదా సార్, ఇందాక తప్పింది."

ఆయన నవ్వలేదు గానీ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ పక్కకి జరిగి దారిచ్చారు.

* * *

పదకొండున్నరకి మళ్ళీ అదే కుర్చీ, అదే తెర. ఈసారి ముప్ఫై తొమ్మిది వరసలు. ఇందాక వేలు ఆగిన పంపు పేరూ, దాని కింద ఉన్న ఇంకో పంపు పేరూ మాయమయ్యాయి. తీగలమ్మ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. పెద్దసిస్టర్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఎవరూ చెప్పకుండానే తను కూడా పైకి చదవడం మొదలుపెట్టింది. సగం మాటలు ఆమెకి తెలియవు. అంకెలు మాత్రం తెలుసు. ముప్ఫై తొమ్మిదీ అయ్యాయి.

"ఊఁ" అంది తీగలమ్మ, ఒక మీట నొక్కి.

వరస పక్కన వరస 'తీసేశాను', 'తీసేశాను' అని పడుతూ పోయింది. చివర్న గోదాంలోని మూట. దాన్ని తీసేసి, ప్రోగ్రాం మళ్ళీ వెనక్కెళ్ళి వెతికి, 'ఇక లేదు' అని రాసింది. తర్వాత తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. ఆ కాసేపూ నాలుగు మంచాల దగ్గరా నలుగురు నర్సులు మానిటర్ల మీద నుంచి చూపు తిప్పలేదు.

నాలుగు మంచాలూ తెరమీదికొచ్చాయి. పెద్దసిస్టర్ మంచం మంచానికీ వెళ్ళి మానిటరు మీది అంకెలు చదివింది. బల్ల దగ్గర తీగలమ్మ సరిచూసింది. నాలుగుకి నాలుగూ కలిశాయి. ఎవరో చప్పట్లు కొట్టబోయారు.

"ఆగండి" అంది తీగలమ్మ. లేచి, కంప్యూటరు వెనక్కి వెళ్ళి, నాలుగు కేబుళ్ళూ ఊడబెరికింది.

పెద్దసిస్టర్ పరిగెత్తుకొచ్చింది. "ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"శనివారం ఏం జరిగిందో అదే వదినా." నాలుగుని ఒకటో సాకెట్లో, ఒకటిని మూడులో, చేతికొచ్చినట్టల్లా తారుమారు చేసి గుచ్చింది. "ఇప్పుడు చదువు."

పెద్దసిస్టర్ నాలుగో మంచం దగ్గర నిలబడి ప్రాణవాయువు అంకె చదివింది. "తొంభై ఆరు."

"నాలుగో మంచం, తొంభై ఆరు."

"ఒకటో మంచం, తొంభై మూడు."

"ఒకటో మంచం, తొంభై మూడు."

సాకెట్లు మారినా పేర్లు మారలేదు. కేబుళ్ళు ఎక్కడ దూర్చినా ఎవరి మంచానికి వాళ్ళే వచ్చి నిలబడ్డారు. నాలుగో మంచం మనిషి పేపరు దించి, "నేను నేనేనా సిస్టర్?" అని అడిగాడు. "మీరు మీరే, పడుకోండి" అంది పెద్దసిస్టర్. అనేటప్పుడు ఆమె చూపు మాత్రం ఆడపడుచు మీదే ఉంది. బాగైందని తెలిశాక కూడా చెడగొట్టి చూసేంత ఓపిక, చెడగొట్టి చూడగలిగేంత ధైర్యం. ఈ పిల్లతో పదేళ్ళుగా కూరలో ఉప్పు గురించి పేచీ పడుతూ కూర్చున్నానా నేను, అనుకుంది.

ఐసీయూలో మిగతా రెండు కంప్యూటర్లూ అయ్యాయి. ఆ తర్వాత అరవై ఒక్క కంప్యూటర్లు అంతస్తులన్నిటా పరుచుకుని ఉన్నాయి. తీగలమ్మ అన్నిటి మీదికీ ఒకేసారి వదల్లేదు. పది పంపేది, పది జాబితాలూ చదివేది, ఊఁ అనేది, ఆ వార్డుల్లోంచి నర్సులు ఫోన్ చేసి అంకెలు కలిశాయని చెప్పే దాకా తర్వాతి పది ముట్టేది కాదు. ఒకటి మాత్రం ఎంత పిలిచినా పలకలేదు. తీగలమ్మ మెట్లెక్కి ప్రసూతి వార్డుకి పరిగెత్తింది. తీరా చూస్తే ఒక కొత్త తండ్రి దాని ప్లగ్గు పీకి తన ఫోను ఛార్జింగు పెట్టుకున్నాడు, పాప ఫోటోలు చుట్టాలకి పంపడానికి. తీగలమ్మ ముందు పాపని చూసి, తర్వాత ప్లగ్గు మార్చింది.

ఒంటిగంటా నలభైకి అరవై నాలుగూ పూర్తయ్యాయి. రెండు వేల తొమ్మిది వందల పదిహేడు లేని పరికరాలు పోయాయి. ఉండాల్సినది ఒక్కటీ పోలేదు.

అంబులెన్సులు గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగాయి. వరండాలో బస్సు డ్రైవర్ భార్య తీగలమ్మకి ఎదురొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ డ్రైవర్ పోయాడా అమ్మా?"

"పోయాడక్కా."

"మా ఆయన?"

"లోపలున్నాడు. చూసి రండి."

* * *

పెద్ద డాక్టరుగారి గదిలో ఈసారి నలుగురే ఉన్నారు. ఆయన, మేనేజరు, వదినా ఆడపడుచులు. పెద్ద డాక్టరుగారు తన చేత్తో తీగలమ్మకి కుర్చీ జరిపారు. ఆ గదిలో కుర్చీ జరిపించుకున్నవాళ్ళని పెద్దసిస్టర్ ఇంతవరకు చూడలేదు.

మేనేజరు కూడా మనిషే. లేచి నిలబడి, "మా వాళ్ళకి ఆ ప్రోగ్రాం ఎలా రాశావో ఒకరోజు చెప్పి పెట్టమ్మా. అడుగుతున్నందుకు నాకేం నామోషీ లేదు" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, ఇబ్బందిగా అన్నాడు. "కానీ ఒక్క మాట. పొద్దున్నుంచీ అందరూ మాకేసే చూస్తున్నారు. ఆ కొత్త డ్రైవర్ మేం పంపలేదు. మా ఆఫీసులో రెండుసార్లు కనుక్కున్నాను. మీ ఆసుపత్రికి అది మా దగ్గర్నుంచి రాలేదు."

"మరి దానంతటది వచ్చిందా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"అది తెలుసుకోవచ్చు సార్" అంది తీగలమ్మ. "ఏ డ్రైవర్ ఎప్పుడు లోపలికొచ్చింది, ఎవరి పేరుతో లాగిన్ అయి పెట్టారు, కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది. తుడిచేసి ఉంటే ఆ రాత కూడా పోయేది. మనం తుడవలేదు కదా."

ల్యాప్‌టాప్ తెరిచింది. ఐసీయూ మొదటి కంప్యూటరు చిట్టా తీసి కిందికి జరుపుకుంటూ పోయింది. మూడు వారాల వెనక్కి. ఒక మంగళవారం, పొద్దున పదకొండూ పది.

అక్కడ ఆగింది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. ఇంకో కంప్యూటరు చిట్టా తెరిచి అక్కడా చదివింది. పెద్దసిస్టర్ ఆమె మొహం చూస్తూనే ఉంది. పొద్దున అంతమంది ముందు తప్పు ఒప్పుకున్నప్పుడు ఎర్రబడిన ఆ మొహం ఇప్పుడు పాలిపోయింది.

"ఎవరమ్మా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

తీగలమ్మ ల్యాప్‌టాప్ మూసెయ్యవచ్చు. 'తెలియట్లేదు సార్, సరిగ్గా చూసి రేపు చెబుతాను' అనవచ్చు. ఆ గదిలో ఆ చిట్టా చదవడం తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. ఆమె వదిన కళ్ళలోకి ఒక్క క్షణం చూసింది. క్షమించమన్నట్టు ఉంది ఆ చూపు. తర్వాత తెర పెద్ద డాక్టరుగారి వైపు తిప్పింది.

"మరమ్మతు విభాగం లాగిన్ సార్. మా అన్నయ్యది."

పెద్దసిస్టర్ వంగి తెర మీది ఆ పేరు తనే చదివింది. ఆదివారం పొద్దున తనతో పాటే బస్సు దిగిన మనిషి. నాలుగు రోజులుగా నేలమాళిగలోంచి పైకి రాని మనిషి. ఫోన్ చేస్తే "పనిలో ఉన్నా" అని పెట్టేస్తున్న మనిషి. అన్నం తిన్నావా అని కూడా అడగని మనిషి. ఆడపడుచు మీద కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఆ అమ్మాయి అబద్ధమాడి ఉంటేనే వచ్చేదేమో.

"పిలిపించండి" అన్నారు పెద్ద డాక్టరుగారు. గొంతు మారిపోయింది.

పిలిపించక్కర్లేకపోయింది. తలుపు నెట్టుకుని ఆయనే వచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, వేళ్ళకి నూనె మరకలు. భార్య వైపు చూడలేదు. చెల్లెలి దగ్గరికెళ్ళి, ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేశాడు.

"అరవై నాలుగూ బాగు చేశావని కింద అందరూ చెప్పుకుంటున్నారు. ఇంకా కింద దాక్కోవడం నావల్ల కాలేదమ్మా" అన్నాడు. తర్వాత పెద్ద డాక్టరుగారికేసి తిరిగాడు. "పెట్టింది నేనే సార్. అది పెడితే పాత మానిటర్లు పనికిరాకుండా పోతాయని నాకప్పుడు తెలియదు. కానీ పెట్టమని చెప్పిన వాళ్ళకి తెలుసు."

"ఎవరు చెప్పారు?"

ఆయన జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. విప్పలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు.

"పేరెందుకు సార్, సంతకమే ఉంది. ఆ సంతకం చేసిన వాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు."

అందరి కళ్ళూ ఆ కాగితం మీదికి పోయాయి. టై సర్దుకుంటున్న ఒక్కరివి మాత్రం తలుపు మీదికి పోయాయి.